నల్ల కిరీట సారసం మెట్ట పక్షా, చిత్తడి పక్షా?

గడ్డినేల (ప్రశ్న):

నమస్కారం. ఆఫ్రికా పక్షులను పరిచయం చేస్తూ ఒక వ్యాసమాల రాస్తున్నాను. ఇప్పుడు నల్ల కిరీట సారసం వంతు వచ్చింది. తల మీద బంగారు రంగు ఈకలు బిరుసుగా నిలబడి ఉండే రెండు జాతుల సారసాల్లో ఇది ఒకటి. పక్షి పరిశీలకులు బ్లాక్ క్రౌన్డ్ క్రేన్ అనేది దీనినే. సహారా ఎడారికి దక్షిణాన, పడమట సెనెగల్ నుంచి తూర్పున ఇథియోపియా దాకా సాగే గడ్డినేలల్లో ఇది నివసిస్తుంది.

ఈ పక్షిని గురించి ఎక్కడ చదివినా "పొడి సవన్నాలో ఉంటుంది", అంటే చెట్లు పలచగా ఉన్న గడ్డినేలలో ఉంటుంది, అన్న మాట మొదటి వాక్యంలోనే కనిపిస్తోంది. రెండో వాక్యానికి వచ్చేసరికి గూడు మాత్రం చిత్తడి నేలలో కడుతుందని ఉంటోంది. ఫోటోలు చూస్తే చాలావాటిలో ఈ పక్షి మోకాలి లోతు నీటిలోనే నిలబడి ఉంది. ఈ రెండింటినీ ఎలా పొందికగా చెప్పాలో నాకు తెలియడం లేదు. ఇది మెట్టలో బతుకుతూ గూటి కోసం మాత్రమే నీటి దగ్గరికి చేరే పక్షా, లేక నీటినే ఆశ్రయించుకొని మేతకు మాత్రం మెట్టకు వెళ్లే పక్షా? సహారా దక్షిణపు అంచున, ఏడాదిలో నాలుగు నెలలు మాత్రమే వాన పడే సాహెల్ ప్రాంతంలో ఇది పిల్లలను ఎలా పెంచి పెద్ద చేయగలుగుతోంది? గడ్డినేలలు ఇంకా విస్తారంగా మిగిలి ఉన్న దేశాల్లో సైతం దీని సంఖ్య ఎందుకు పడిపోతోంది? వివరంగా తెలిసినవారు చెబితే రుణపడి ఉంటాను.

తుంగపొద:

గడ్డినేల గారూ, మీరు చదివిన రెండు వాక్యాలూ నిజమే. అయితే ఆ రెండింటి మధ్య చెప్పకుండా వదిలేసిన విషయం ఒకటి ఉంది, అది వరద. నల్ల కిరీట సారసం బతికేది వట్టి మెట్టలోనూ కాదు, ఏడాది పొడవునా నీరు నిలిచే సరస్సులోనూ కాదు. ఏటా కొన్ని నెలలు మునిగి, కొన్ని నెలలు ఎండే వరద మైదానం దీని అసలు నివాసం. మీ ఫోటోల్లో కొన్నింటిని సెప్టెంబరులోనూ కొన్నింటిని మార్చిలోనూ తీసి ఉంటే, ఒకే చోటు ఒకదానిలో చెరువులాగా, మరొకదానిలో బీడులాగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

మీ రెండో ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. కాస్త లెక్క వేసి చూద్దాం. సాహెల్‌లో వానలు దాదాపు జూన్‌లో మొదలై సెప్టెంబరు చివరికి ముగుస్తాయి. పశ్చిమ ఆఫ్రికాలో ఈ పక్షులు గూడు కట్టేది ఎక్కువగా జూలై నుంచి అక్టోబరు లోపల. సాధారణంగా రెండు లేదా మూడు గుడ్లు పెడతాయి. ఆడమగలు రెండూ వంతులు వేసుకొని 28 నుంచి 31 రోజులు పొదుగుతాయి. గుడ్డు నుంచి వెలువడిన పిల్ల రెక్కలు వచ్చి ఎగరడానికి మరో 60 నుంచి 100 రోజులు పడుతుంది. ఆగస్టు మధ్యలో గుడ్డు పెట్టారనుకుంటే, పిల్ల బయటికి వచ్చేది సెప్టెంబరు మధ్యలో, ఎగిరేది నవంబరు, డిసెంబరు నెలల్లో. అప్పటికి వానలు ఆగిపోయి నెలన్నర నుంచి మూడు నెలలు అయి ఉంటుంది. వాన నీటినే నమ్ముకుంటే కుంటలు ఎండిపోయే వేళకు పిల్ల ఇంకా నేల మీదే ఉండిపోతుందన్నమాట.

ఆ లోటును పూడ్చేది నది. మాలి దేశంలోని నైజర్ అంతర్గత డెల్టాను ఉదాహరణగా తీసుకోండి. అక్కడి వరద అక్కడ కురిసిన వానల వల్ల వచ్చేది కాదు. వందల కిలోమీటర్ల ఎగువన, గినీ కొండల్లో కురిసిన వాన నైజర్, బానీ నదుల వెంబడి మెల్లగా దిగి వచ్చి, మోప్తి ప్రాంతంలో అక్టోబరు, నవంబరు నెలల్లో గరిష్ఠ మట్టానికి చేరుతుంది. ఆకాశం పూర్తిగా తేరుకున్న తర్వాత నేల మునుగుతుంది. అక్కడి నుంచి నీరు నెలల తరబడి కొద్దికొద్దిగా తీస్తూ పోతుంది. సారసం పిల్లకు కావలసిన ఆ రెండు మూడు నెలలూ అలా దొరుకుతాయి.

గూటి చోటు విషయంలో ఈ పక్షి ఎంత పట్టింపుగా ఉంటుందో గమనిస్తే సంగతి ఇంకా స్పష్టమవుతుంది. లోతు తక్కువ నీటిలో, నిలువెత్తు గడ్డి, తుంగ పెరిగిన చోట, ఆ గడ్డినే తొక్కి, కోసి, గుండ్రంగా పేర్చి తిన్నెలాంటి గూడు కడుతుంది. చుట్టూ నీరు ఉండటం వల్ల నక్కల వంటి జంతువులు గూటి దాకా రాలేవు. నీరు తొందరగా తీసిపోతే వాటికి దారి ఏర్పడుతుంది; ఒక్కసారిగా పెరిగితే గుడ్లు మునిగిపోతాయి. అందుచేత కేవలం నీరు ఉండటం చాలదు, ఆ నీరు మెల్లగా వచ్చి మెల్లగా పోవాలి. పిల్లలు పుట్టిన ఒకటి రెండు రోజుల్లోనే నడవగలవు, ఈదగలవు. తల్లిదండ్రులు వాటిని వెంటబెట్టుకొని నీటి అంచున ఉన్న పొట్టి గడ్డిలోకి పురుగుల కోసం తీసుకువెళ్తాయి, చీకటి పడేలోగా మళ్లీ దట్టమైన గడ్డిలోకి చేరుస్తాయి. మెట్టా చిత్తడీ రెండూ ఒక పిల్ల నడవగలిగినంత దూరంలో పక్కపక్కనే ఉండాలన్నది ఈ పక్షి మొదటి షరతు.

రెక్కల లెక్క:

పైన తుంగపొద గారు నీటి వైపు నుంచి చెప్పినదంతా సరైనదే. అయినా, "పొడి సవన్నా" అన్న మాటను అంత తేలికగా కొట్టిపారేయడం నాకు సమ్మతం కాదు. ప్రపంచంలో ఉన్న 15 సారస జాతుల్లో కిరీట సారసాలు రెండే మిగతావాటికి భిన్నమైన శరీర నిర్మాణంతో ఉన్నాయి, ఆ తేడాలు చాలావరకు వీటిని మెట్ట వైపే మొగ్గేలా చేస్తున్నాయి.

ముందుగా ముక్కు చూడండి. ఆఫ్రికాలోనే ఉండే వాటిల్డ్ సారసానికి పొడవైన, బలమైన ముక్కు ఉంటుంది. అది బురదను తవ్వి తుంగ గడ్డల వంటి దుంపలను పెకలించి తింటుంది. నేల గట్టిపడితే దానికి తిండి లేదు. కిరీట సారసం ముక్కు అలా కాదు, పొట్టిగా ఉంటుంది, తవ్వకానికి పనికిరాదు. ఇది గడ్డి వెన్నుల నుంచి గింజలు దూస్తుంది, లేత గడ్డి కొసలు కొరుకుతుంది, మిడతలు, ఈగలు, జెర్రులు, నత్తలు, చిన్న కప్పలు, బల్లులు వంటి వాటిని నేల మీది నుంచి ఏరుకుంటుంది. దొరికిన దానితో సరిపెట్టుకునే ఈ స్వభావం వల్లనే, నేల నెర్రెలిచ్చిన ఏప్రిల్‌లో కూడా ఎండుగడ్డి మధ్య దీనికి పూట గడుస్తుంది.

మేత మేసే తీరు దగ్గర నుంచి చూడదగినది. పక్షి గడ్డిలో నడుస్తూ నడుస్తూ ఒక్కసారి ఆగి, రెండు పాదాలతో నేలను గబగబా తొక్కుతుంది. ఆ అదురుకు గడ్డి మొదళ్లలో దాగిన పురుగులు కదులుతాయి. కదిలిన దానిని కదిలినట్టే ముక్కుతో అందుకుంటుంది. పశువుల మంద వెంట నడిచేటప్పుడు ఆ శ్రమ కూడా అక్కరలేదు, గిట్టల అలికిడికి మిడతలు వాటంతట అవే ఎగురుతాయి. పేడ చుట్టూ చేరే పురుగులు అదనం. సాహెల్‌లో ఫులానీ పశుపాలకుల మందలు వరద తీసిన మైదానాల్లోకి దిగే కాలంలో ఈ పక్షులు ఆ మందల పరిసరాల్లో తిరగడానికి కారణం ఇదే.

ఇక కాళ్లు. మిగతా 13 జాతుల సారసాలకు వెనక వేలు చిన్నదిగా, పైకి జరిగి ఉంటుంది, కొమ్మను పట్టుకోవడానికి ఉపయోగపడదు. అందుకే అవి రాత్రిపూట లోతు తక్కువ నీటిలో నిలబడి నిద్రపోతాయి. కిరీట సారసాలకు మాత్రం వెనక వేలు పొడవుగా ఉండి కొమ్మను గట్టిగా పట్టుకోగలదు. చెట్ల మీద రాత్రి గడపగలిగే సారసాలు ఇవి రెండే. నీరు కనుచూపు మేరలో లేకపోయినా నాలుగు తుమ్మ చెట్లు ఉంటే వీటికి రాత్రి రక్షణ దొరికినట్టే. మీటరు ఎత్తు, విప్పితే 180 నుంచి 200 సెంటీమీటర్ల దాకా వచ్చే రెక్కలు, మూడున్నర కిలోల పైచిలుకు బరువు ఉన్న పక్షి ముళ్ల కొమ్మల చివరన వాలి, ఆ కొమ్మ ఊగుతుంటే రెక్కలు సగం విప్పి నిలదొక్కుకునే దృశ్యం సారసాల తీరు తెలిసినవారికి మొదటిసారి వింతగానే అనిపిస్తుంది.

గొంతు విషయం కూడా ఒక మాట చెప్పాలి. మిగతా సారసాల్లో చాలావాటికి శ్వాసనాళం పొడవుగా సాగి రొమ్ము ఎముకలో చుట్టలు చుట్టుకొని ఉంటుంది. కిలోమీటర్ల దూరం వినిపించే వాటి బూరలాంటి కూతకు అదే మూలం. కిరీట సారసాలకు ఆ చుట్టలు లేవు. వీటి కూత బాతు కూతను తలపించేలా పొట్టిగా ఉంటుంది. జత కట్టే కాలంలో గొంతు కింది తిత్తిని ఉబ్బించి మంద్రంగా కూడా పలుకుతాయి. సారసాల వంశంలో ఇది అతి పాత శాఖ అని శాస్త్రజ్ఞులు భావించడానికి ఇటువంటి లక్షణాలే ఆధారం. వీటి పూర్వీకుల శిలాజాలు ఐరోపాలోనూ ఉత్తర అమెరికాలోనూ దొరికాయి. చలి యుగాలకు తట్టుకోలేక వేడి నేల అయిన ఆఫ్రికాలో మాత్రమే మిగిలాయని ఒక వివరణ ఉంది.

కాబట్టి నా ఉద్దేశంలో మీ వాక్యం ఇలా ఉండాలి: ఏడాదిలో ఎక్కువ భాగం మెట్టలో బతకగల దేహం దీనిది, వంశం నిలుపుకోవడానికి మాత్రం వరద కావాలి.

ఏటిగట్టు:

మూడో ప్రశ్నను ఇంకా ఎవరూ ముట్టుకోలేదు కనుక నేను దాని గురించి రాస్తాను. గడ్డినేల మిగిలి ఉన్నా పక్షి ఎందుకు తగ్గుతోందన్న ప్రశ్నకు నా జవాబు ఆనకట్టలు. కరువు మాట అందరూ ఎత్తుతారు, అది కూడా నిజమే. 1970లలోనూ, మళ్లీ 1983, 84లలోనూ సాహెల్‌ను కుదిపేసిన కరువుల్లో వరద మైదానాలు కుంచించుకుపోయాయి, ఒడ్డున ఉన్న తుమ్మ అడవులు చచ్చిపోయాయి. 1960లలో 25,000 చదరపు కిలోమీటర్ల దాకా ఉన్న చాద్ సరస్సు 1980లకల్లా అందులో పదో వంతు కూడా లేకుండా పోయింది. అయితే కరువు వచ్చి పోతుంది. వాన మళ్లీ పడితే నది మళ్లీ పొంగుతుంది. ఆనకట్ట కట్టిన నది మాత్రం మంచి వాన పడిన ఏడు కూడా గట్టు దాటదు.

ఉత్తర కామెరూన్‌లోని వాజా-లోగోన్ మైదానంలో జరిగినది దీనికి చక్కటి సాక్ష్యం. 1979లో వరి సాగు కోసం అక్కడ మాగా ఆనకట్ట కట్టారు, లోగోన్ నది వెంట కరకట్టలు వేశారు. దాంతో దిగువ మైదానంలో పెద్ద భాగానికి వరద ఆగిపోయింది. బయటి నుంచి చూసేవారికి అక్కడ గడ్డి అలాగే ఉంది. కాని ఏ గడ్డి అన్నదే ప్రశ్న. వరద ఉన్నంత కాలం అక్కడ అడవి వరి, ఎకినోక్లోవా జాతి గడ్డి, నీటి వట్టివేరు వంటి బహువార్షిక గడ్డి జాతులు పెరిగేవి. నీరు తీసిన తర్వాత, మంట పెట్టిన తర్వాత కూడా వాటి వేళ్లు తడిని పట్టి ఉంచి, ఎండాకాలం నడిమధ్యలో లేత చిగుళ్లు వేసేవి. వరద ఆగాక వాటి చోటును అడవి జొన్న వంటి ఏకవార్షిక గడ్డి ఆక్రమించింది. అది వానకు ఏపుగా పెరిగి, వాన పోగానే ఎండి, ఆ తర్వాత చిగురు అన్నది ఎరగదు. పశువులకూ, జింకలకూ, సారసాలకూ ఎండాకాలపు మేత పోయింది. ఉపగ్రహ పటంలో రెండూ "గడ్డినేల" అనే ఉంటాయి.

ఈ కథలో అరుదైన మంచి మలుపు కూడా ఉంది. 1994లో, ఆ తర్వాత 1997లో, వరి సాగుకు నష్టం లేని రీతిలో కరకట్టల దగ్గర మూసేసిన పాయలను తెరిచి కొంత వరదను మళ్లీ మైదానంలోకి వదిలారు. కొన్నేళ్లలోనే బహువార్షిక గడ్డి తిరిగి వ్యాపించింది, నీటి పక్షుల సంఖ్య పుంజుకుంది. ఆ కాలంలో వానలు కూడా మెరుగుపడ్డాయి కనుక ఘనతంతా పాయలకే ఇవ్వలేం, అయినా గడ్డి మార్పు వరద చేరిన చోటే కనిపించడం గమనించదగినది.

నైజీరియాలో అటువంటి మలుపు రాలేదు. ఈ పక్షిని తమ జాతీయ పక్షిగా చెప్పుకునే ఆ దేశంలో అడవి సారసాలు దాదాపు కనుమరుగయ్యాయి. ఉత్తరాన ఉన్న హడేజియా-నగురు చిత్తడి నేలలకు నీరందించే నది మీద 1974లో టిగా ఆనకట్ట వచ్చింది, తర్వాత చల్లావా కొండసందులో మరొకటి వచ్చింది. దిగువన మునిగే నేల విస్తీర్ణం ఆ మేరకు తగ్గింది.

గడ్డినేల:

ముగ్గురికీ ధన్యవాదాలు. ఏటిగట్టు గారూ, ఒక సందేహం. ఆనకట్ట వెనక జలాశయం ఏర్పడుతుంది, కాలువల కింద వరి పొలాలు వస్తాయి. అంటే నీరు ఏడాది పొడవునా దొరుకుతుంది కదా? చిత్తడి తగ్గకపోగా పెరిగినట్టే లెక్క కావాలి. సారసం అక్కడికి ఎందుకు మారిపోదు?

ఏటిగట్టు:

న్యాయమైన ప్రశ్న. జలాశయానికి ఒడ్డు నిటారుగా ఉంటుంది, మట్టం అవసరాన్ని బట్టి ఒక్కసారిగా ఎక్కుతుంది, దిగుతుంది. పైన తుంగపొద గారు చెప్పిన "మెల్లగా వచ్చి మెల్లగా పోయే" నీరు అది కాదు. జలాశయంలో బాతులు, కొంగలు సుఖంగా ఉంటాయి, గూడు కట్టే సారసానికి అక్కడ తావు లేదు.

నీరు ఎప్పటికీ ఎండకపోవడం కూడా ఒక సమస్యే. సెనెగల్ నది ముఖద్వారాన 1986లో డియామా ఆనకట్ట కట్టారు, 1988లో ఎగువన మాలిలో మనాంతలి ఆనకట్ట వచ్చింది. అంతకు ముందు ఆ డెల్టాలో ఏటా వర్షాకాలంలో మంచినీటి వరద వచ్చేది, ఎండాకాలంలో సముద్రపు ఉప్పునీరు ఎగదన్నేది. ఎండ, ఉప్పు రెండూ కలిసి జమ్మును అదుపులో ఉంచేవి. ఆనకట్ట తర్వాత మంచినీరు ఏడాదంతా నిలకడగా నిలిచింది, జమ్ము దట్టమైన గోడలాగా అల్లుకుపోయింది. 1981లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన జూజ్ పక్షుల పార్కు ఆ డెల్టాలోనే ఉంది. అక్కడ కాలువల్లో మొక్కలను తొలగించడం నేటికీ తప్పని పని. మనిషి ఎత్తును మించిన జమ్ములో మీటరు ఎత్తు పక్షి నడవలేదు, చుట్టూ చూడలేదు, పిల్లను వెంట నడిపించలేదు.

వరి పొలాల మాట వేరు, అందులో మీ అనుమానంలో కొంత నిజముంది. గినీ-బిసావు, సెనెగల్‌లోని కసామాన్స్ తీరాల్లో వానకు పండే సంప్రదాయ వరి మళ్లు ఉన్నాయి, వాటిని ఆనుకొని మడ అడవులున్నాయి. ఈ పక్షికి పడమటిది, తూర్పుది అని రెండు ఉపజాతులున్నాయి; పడమటి ఉపజాతికి మిగిలిన ముఖ్యమైన ఆశ్రయాల్లో అది ఒకటి. మడిలో మేత, మడ చెట్ల మీద రాత్రి నిద్ర. అక్కడ వరి మడి వానతో పాటే నిండి వానతో పాటే ఎండుతుంది కనుక చిన్నపాటి వరద మైదానం పని చేస్తోంది. పెద్ద కాలువల కింద ఏడాదికి రెండు పంటలు తీసే పొలంలో ఆ లయ ఉండదు, పైగా పురుగుమందులు ఉంటాయి. గింజలు తింటున్నాయన్న కోపంతో విషం కలిపిన ధాన్యం చల్లడం కూడా కిరీట సారసాలకు ముప్పుగా నమోదైంది.

తూర్పున పరిస్థితి ఇంతవరకు మెరుగ్గా ఉండటానికి కారణం కూడా నీళ్లే. దక్షిణ సూడాన్‌లోని సడ్ చిత్తడిలో తెల్ల నైలు బోర్ పట్టణం దాటాక గట్లు తెంచుకొని పరచుకుంటుంది. 2006లో అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల జాబితా అయిన రామ్‌సర్ జాబితాలో చేర్చినప్పుడు దాని విస్తీర్ణాన్ని 57,000 చదరపు కిలోమీటర్లుగా చూపించారు. ఆ నీటిని పక్క నుంచి తప్పించి ఉత్తరానికి మళ్లించేందుకు 1978లో జోంగ్లీ కాలువ తవ్వకం మొదలైంది. 360 కిలోమీటర్ల కాలువలో దాదాపు 240 కిలోమీటర్లు తవ్వాక అంతర్యుద్ధం వల్ల పని ఆగిపోయింది. యుద్ధం మనుషులకు చేసిన కీడుకు కొలత లేదు. కాలువ పూర్తయి ఉంటే మాత్రం ఈ పక్షి అతిపెద్ద స్థావరం తగ్గిపోయేది.

వలసబాట:

చర్చ అంతా నీటి చుట్టూనే తిరుగుతోంది, మనిషి చేతుల గురించి ఎవరూ మాట్లాడటం లేదు. వరద చక్కగా వచ్చే చోట కూడా సారసం లేకపోవచ్చునని మాలి చూపిస్తోంది. నైజర్ అంతర్గత డెల్టాలో సెలింగే, మర్కాలా ఆనకట్టల ప్రభావం ఉన్నా, వరద ఇంకా ప్రతి ఏడూ వస్తోంది. అది 2004 నుంచి రామ్‌సర్ చిత్తడి నేల. అయినా అక్కడ అడవిలో తిరిగే కిరీట సారసాల కంటే ఇళ్ల పెరళ్లలో రెక్కలు కత్తిరించి పెంచుతున్నవే ఎక్కువ.

ఆ దేశంలో ఈ పక్షిని ఇంట్లో పెంచడం పాత ఆచారం, హోదాకు గుర్తు. దానికి తోడు జంతుప్రదర్శనశాలలకూ ధనవంతుల తోటలకూ విదేశీ వ్యాపారం ఏర్పడింది. పట్టడం కూడా తేలిక. పిల్ల రెండు మూడు నెలలు ఎగరలేదు, వరద తీసే వేళ పశువుల కాపరులూ జాలర్లూ ఆ గడ్డిలోనే తిరుగుతుంటారు, దాన్ని వెంటపడి చేత్తో పట్టుకోవచ్చు. గుడ్లు పొదిగే చోటు నుంచి పిల్లనే తీసేస్తే వరద ఎంత గొప్పగా వచ్చినా ఏం లాభం? బంధించిన సారసం చాలా ఏళ్లు బతుకుతుంది, కాని అలాంటి బతుకులో అవి పిల్లలను పెట్టడం అరుదు. కనుక పెరట్లో ఉన్న పక్షి లెక్కలో ఉన్నా వంశంలో లేనట్టే.

అడవి జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైట్స్ ఒప్పందంలో నల్ల కిరీట సారసాన్ని 2019లో రెండో అనుబంధం నుంచి మొదటి అనుబంధంలోకి మార్చారు. అంటే అడవిలో పట్టిన పక్షులతో దేశాల మధ్య వాణిజ్య వ్యాపారం నిషిద్ధం. దేశం లోపల జరిగే కొనుగోలు, అమ్మకం దాని పరిధిలోకి రావు. ఈ విషయంలో పని చేసి చూపించినది రువాండా, అక్కడ ఉన్నది దీని సోదర జాతి అయిన బూడిద కిరీట సారసం అయినా సరే. పశువైద్యుడు ఒలివియే న్సెంగిమానా నాయకత్వంలో అక్కడ ఇళ్లలోని సారసాలన్నింటినీ నమోదు చేయించారు, శిక్ష ఉండదని హామీ ఇచ్చి యజమానుల చేతనే అప్పగింపజేశారు, ఎగరగలిగిన వాటిని అకగేరా జాతీయ పార్కులో వదిలారు. రెక్క విరిగి మళ్లీ ఎగరలేని వాటి కోసం కిగాలీలో ఒక చిత్తడి నేలను ఆశ్రయంగా మార్చారు. మాలిలో ఇదే పద్ధతి నడుస్తుందా అంటే, అక్కడి ఉత్తర, మధ్య ప్రాంతాల భద్రతా పరిస్థితుల్లో అది ఇప్పట్లో అయ్యే పనిగా నాకు కనిపించడం లేదు.

తుంగపొద:

వలసబాట గారి మాటకు ఎదురు చెప్పను, అయితే రెండు కారణాలనూ విడదీయడం కుదరదని అనుకుంటున్నాను. వరద తగ్గిన ఏడు సారసాలు మిగిలిన కొద్ది నీటి చుట్టూ గుమిగూడుతాయి. మనుషులూ పశువులూ చేరేది అక్కడికే. నీరు విస్తారంగా ఉన్నప్పుడు వెతికినా దొరకని గూడు, నీరు తగ్గితే కాలిబాట పక్కనే ఉంటుంది. మాలిలో పట్టివేత అంతగా పెరగడానికి కరువు ఏళ్లలో కాపరుల రాబడి పడిపోవడం కూడా ఒక కారణమై ఉండాలి.

గడ్డినేల గారు రాస్తున్నది వ్యాసం కనుక ఇంకొక సంగతి చేర్చమని కోరుతున్నాను. ఈ పక్షి ఖండాలు దాటే వలస పక్షి కాదు. వానలకు జంటలుగా విడిపోయి చెదురుమదురు కుంటల దగ్గర గూళ్లు కడుతుంది, ఎండాకాలంలో వందల సంఖ్యలో గుంపులు కట్టి పెద్ద నదుల, శాశ్వత చిత్తడుల చెంతకు చేరుతుంది. పార్కు హద్దు లోపల గూడు, హద్దు బయట ఎండాకాలపు మేత, ఊరి పక్క చెట్టు మీద రాత్రి నిద్ర ఉంటే ఆ పార్కు సగం పనే చేసినట్టు. రాత్రి వాలే తుమ్మలను బొగ్గుకోసం నరికితే పార్కు గస్తీ దాన్ని ఆపలేదు.

గడ్డినేల:

వ్యాసానికి కావలసిన దానికంటే ఎక్కువే దొరికింది. చివరిగా రెండు చిన్న విషయాలు. ప్రస్తుత సంఖ్య ఎంతని రాయవచ్చు? కెన్యాలోని తుర్కానా సరస్సు దగ్గర తీసినదని చెబుతున్న ఫోటో ఒకటి వాడుకోవాలనుకుంటున్నాను. అది నల్ల కిరీట సారసమో బూడిద కిరీట సారసమో ఎలా తేల్చుకోవాలి?

రెక్కల లెక్క:

సంఖ్య విషయంలో 2000ల తొలి సంవత్సరాల్లో చేసిన అంచనాలే ఎక్కువగా ప్రచారంలో ఉన్నాయి: పడమటి ఉపజాతి దాదాపు 15,000, తూర్పు ఉపజాతి 28,000 నుంచి 55,000. అవి పాతవి కనుక ఏ కాలానివో తప్పక పేర్కొనండి. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) ఎర్ర జాబితాలో నల్ల కిరీట సారసాన్ని 2010లో "హాని పొంచి ఉన్న" వర్గానికి మార్చారు. బూడిద కిరీట సారసం 2012లో అంతకంటే తీవ్రమైన "అంతరించే ప్రమాదంలో ఉన్న" వర్గానికి చేరింది. ఉగాండా జెండా మీద ఉన్నది అదే.

ఇక ఫోటో. ఉగాండా, కెన్యాల ఉత్తర భాగంలో రెండు జాతుల పరిధులూ దగ్గరపడతాయి కనుక మీ జాగ్రత్త అవసరమైనదే. ముందు మెడ చూడండి: లేత బూడిద రంగు అయితే బూడిద కిరీట సారసం, ముదురు పలక రంగు నుంచి నలుపు దాకా ఉంటే నల్ల కిరీట సారసం. వెలుతురు ఎదురుగా ఉంటే మెడ రంగు మోసం చేస్తుంది, అప్పుడు చెంప చూడాలి. బూడిద కిరీట సారసానికి చెంప అంతా తెల్లగా ఉండి పైఅంచున మాత్రం ఎర్రటి మచ్చ ఉంటుంది, గొంతు కింద ఎర్రటి తిత్తి పొడవుగా వేలాడుతుంది. నల్ల కిరీట సారసానికి ఎరుపు చెంప కింది వైపున ఉంటుంది, గొంతు తిత్తి చిన్నది. ఆ ఎరుపు చెంప కింది సగానికే పరిమితమైతే పడమటి ఉపజాతి, పై సగంలోకి కూడా పాకి ఉంటే తూర్పుది. తుర్కానా ఫోటోలో పడమటి చెంప కనిపిస్తే, ఆ పక్షి అడవిలోది కాకపోవచ్చు, లేదా ఫోటో కింద రాసిన ఊరు పేరు తప్పు.